రోగికి మందు ఇచ్చేవేళ

వైద్యుడు రోగిని పరీక్షించి మందు వ్రాస్తాడు. ఔషధాలయంలో దానిని తీసి ఇస్తారు. కాని ఆ మందు రోగి శరీరంలో ప్రవేశించేది నర్సు చేతిమీదుగానే. వైద్యుడు పొరపాటున వ్రాసినదానిని ఔషధాలయంలో గుర్తించవచ్చు. ఔషధాలయంలో జరిగిన పొరపాటును నర్సు గుర్తించవచ్చు. నర్సు చేతిలో జరిగిన పొరపాటును గుర్తించడానికి ఆ తరువాత మరెవరూ లేరు. నర్సింగు విద్యలో ఔషధశాస్త్రానికి విశేష స్థానం లభించడానికి కారణం ఇదే.

మన దేశంలో ఈ విద్య విశ్వవిద్యాలయ స్థాయిని అందుకొన్న తొలి కేంద్రాలలో ఢిల్లీ ఒకటి. 1946లో ఇక్కడ నెలకొన్న నర్సింగు కళాశాల ఢిల్లీ విశ్వవిద్యాలయ పట్టానిచ్చే కోర్సును ఆరంభించింది. స్వతంత్ర భారత ప్రథమ ఆరోగ్యమంత్రి రాజకుమారీ అమృత్‌కౌర్ పేరును ఆ కళాశాల నేడు ధరించి ఉన్నది. 1947లో భారత నర్సింగు మండలి చట్టం వచ్చింది. 1956లో అమృత్‌కౌర్ పూనికతోనే అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడినది. ఈనాడు రాజధానిలోని పెద్ద ఆస్పత్రులలో ఏ వార్డులోకి వెళ్ళినా కేరళ, రాజస్థాన్, మణిపూర్, ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చిన నర్సులు కనిపిస్తారు. మంచాల మీది రోగులు బీహారు, హర్యానా, ఉత్తరప్రదేశ్, కాశ్మీరు ప్రాంతాలవారు. ఒకరి భాష మరొకరికి సగమే తెలుస్తుంది. మందు ఇవ్వడంలోని జాగ్రత్తలను గురించి వ్రాసేవారు సాధారణంగా ఈ సంగతిని ప్రస్తావించరు. ఈ వ్యాసంలో దానికి కొంత చోటు ఇవ్వడం అవసరమని తోచింది. అంతకుముందు మందు శరీరంలో ఏం చేస్తుందో, శరీరం మందును ఏం చేస్తుందో స్థూలంగా తెలుసుకొందాం.

నోటిద్వారా మ్రింగిన మాత్ర కడుపులోను, పేగులలోను కరిగి రక్తంలో చేరుతుంది. పేగుల నుండి వచ్చే రక్తం మొదట కాలేయం గుండా ప్రవహిస్తుంది. అక్కడ కొన్ని మందులలో చాలా భాగం నశిస్తుంది. గుండెనొప్పికి ఇచ్చే నైట్రేటు మాత్రను నాలుక క్రింద ఉంచుకోమని చెప్పడం ఇందువలననే. నాలుక క్రింది పలుచని పొర నుండి అది కాలేయాన్ని తప్పించుకొని నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆ సంగతి తెలియని రోగి దానిని నీళ్ళతో మ్రింగితే నొప్పి తగ్గడం ఆలస్యమవుతుంది. రక్తంలో చేరిన మందు తాను పనిచేయవలసిన చోటికే గాక ఇతర అవయవాలకు కూడ పోతుంది. దుష్ఫలితాలకు మూలం అదే. చివరకు కాలేయం దానిని మార్చివేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. కాలేయంగాని, మూత్రపిండాలుగాని చెడిన రోగిలో మామూలు మోతాదు కూడ పేరుకొనిపోయి విషతుల్యం కావచ్చు. వృద్ధులలోను, నెలలు నిండని శిశువులలోను ఇదే స్థితి.

కొన్ని మందులలో మేలుచేసే మోతాదుకు, కీడుచేసే మోతాదుకు నడుమ ఎడం చాలా తక్కువ. డిజాక్సిన్, ఫెనిటాయిన్, లిథియం, వార్ఫరిన్ ఈ కోవకు చెందినవి. తిలపుష్పి జాతి మొక్క ఆకును గుండె జబ్బుకు వాడే పద్ధతిని ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ 1785లో గ్రంథరూపంలో ప్రకటించాడు. డిజాక్సిన్ ఆ మొక్కల కుటుంబం నుండి వచ్చినదే. దానిని ఇచ్చేముందు గుండె కొట్టుకొనే వేగాన్ని పూర్తిగా ఒక నిమిషంపాటు లెక్కించాలి. పెద్దవారిలో అది 60కి తక్కువగా ఉంటే మందును ఆపి వైద్యునికి తెలియజేయాలి. రోగికి వాంతులు అవుతున్నా, వస్తువులు పసుపుపచ్చగా కనిపిస్తున్నాయని అతడు అన్నా ఆ మాటను తేలికగా తీసుకోరాదు. మూత్రం ఎక్కువగా పోవడానికి ఫ్యూరోసెమైడ్ కూడ వాడుతున్న రోగి అయితే మరింత జాగ్రత్త అవసరం. అది శరీరంలోని పొటాషియాన్ని తగ్గిస్తుంది; పొటాషియం తగ్గినకొద్దీ డిజాక్సిన్ విషప్రభావం పెరుగుతుంది. రెండు మందులను వేరువేరు వైద్యులు వ్రాసి ఉండవచ్చు. రెండింటినీ ఒకే పళ్ళెంలో పెట్టుకొని వచ్చేది నర్సు.

మాత్రను పొడిచేయడంలో కూడ ప్రమాదం ఉన్నది. మ్రింగలేని రోగికి ముక్కుగొట్టం ద్వారా మందు పంపేటప్పుడు మాత్రలను నూరడం వార్డులలో పరిపాటి. రోజంతా నిదానంగా కరిగేటట్లు తయారుచేసిన మాత్రను నూరితే 24 గంటల మోతాదు ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది. ఇక కడుపులోని ఆమ్లానికి కరగకుండ పైపూత వేసిన మాత్రను నూరితే పూత పోయి మందే పాడవుతుంది. నూరేముందు ఔషధాలయంవారిని ఒక మాట అడగడం మంచిది. ద్రవరూపంలో అదే మందు దొరకవచ్చు.

సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గం, సరియైన వేళ అనే అయిదు నియమాలను విద్యార్థినులు మొదటి సంవత్సరంలోనే కంఠస్థం చేస్తారు. తరువాత వీటికి మరికొన్నింటిని చేర్చి ఏడనీ, పదనీ చెప్పేవారున్నారు. సంఖ్య ముఖ్యం కాదు. ఆచరణలో అవి ఎక్కడ తప్పుతాయో తెలియడం ముఖ్యం. ఉదాహరణకు, “మీరు రామ్‌సింగ్ గారేనా?” అని అడిగితే జ్వరంతో మగతగా ఉన్న మనిషి, చెవులు సరిగా వినిపించని వృద్ధుడు, సిస్టరును కాదనలేని మొగమాటస్తుడు కూడ తల ఊపుతారు. “మీ పేరేమిటి? తండ్రి పేరేమిటి?” అని అడిగి రోగి చేత చెప్పించి, దానిని చేతి పట్టీతోను, కేసుషీటుతోను సరిచూసుకోవాలి. మంచం సంఖ్య ఎన్నడూ గుర్తింపు కాదు. ఉత్తరాది వార్డులలో ఒకే పేరు గల రోగులు ఇద్దరు ముగ్గురు ఉండడం అరుదు కాదు. మంచాలు మారడం అంతకంటె మామూలు.

ఇన్సులిన్ విషయం

మన దేశంలో మోతాదు పొరపాట్లకు ఇన్సులిన్ వంటి ఉదాహరణ మరొకటి లేదు. సీసాలలో వచ్చే ఇన్సులిన్ ఇక్కడ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది. మిల్లీలీటరుకు 100 యూనిట్ల బలం గల సీసాలు కూడ ఉన్నాయి. పెన్నులలో అమర్చే గొట్టాలలో ఉండేది సాధారణంగా 100 యూనిట్ల బలం గల ఇన్సులినే. కనుక సిరంజీలు కూడ రెండు రకాలు. ఎర్రమూత గలది 40 బలానికి, నారింజరంగు మూత గలది 100 బలానికి. ఇవి తారుమారయితే ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. వైద్యుడు 20 యూనిట్లు ఇవ్వమన్నాడు. సీసాలోని ఇన్సులిన్ 100 బలం గలది, చేతిలోని సిరంజి 40కి చెందినది. 20 గీత వరకు తీస్తే సిరంజిలో అర మిల్లీలీటరు మందు ఉంటుంది. ఆ అర మిల్లీలీటరులో ఉన్నవి 50 యూనిట్లు. అనగా కావలసినదానికి రెండున్నర రెట్లు. ఇందుకు విరుద్ధంగా 40 బలం గల మందును 100 సిరంజితో 20 గీత వరకు తీస్తే రోగికి చేరేవి 8 యూనిట్లు మాత్రమే. మొదటి రోగికి గంటలలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, స్పృహ తప్పవచ్చు. రెండవ రోగికి చక్కెర తగ్గక, మందు చాలలేదని మోతాదు పెంచుతారు. ఆ పెంచిన మోతాదు మరునాడు సరియైన సిరంజితో పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సీసా మీది సంఖ్యను, సిరంజి మీది సంఖ్యను ప్రక్కప్రక్కన పెట్టి చదవడం, వేరొక నర్సు చేత చదివించడం తప్ప దీనికి మరో మార్గం లేదు. వ్రాతలో కూడ ఒక చిక్కు ఉన్నది. ‘యూనిట్లు’ అనే మాటకు బదులు ఆంగ్లంలోని దాని మొదటి అక్షరం ఒక్కటే వ్రాస్తే అది తొందరలో సున్నవలె కనిపించి 4 కాస్తా 40 అవుతుంది. మాటను పూర్తిగా వ్రాయించుకోవాలి. దశాంశాల విషయం కూడ ఇటువంటిదే. అర మిల్లీగ్రామును 0.5 అని ముందు సున్నతో వ్రాయాలి. 5 మిల్లీగ్రాములను 5.0 అని వ్రాయరాదు. చుక్క మసకబారితే మొదటిది 5గాను, రెండవది 50గాను మారుతుంది.

పిల్లల మందులకు వస్తే, పారాసెటమాల్ మోతాదును కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే అది 6 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందు అయితే ఒకటిన్నర మిల్లీలీటరు మాత్రమే. చుక్కల మందును సిరప్ అనుకొని చెంచాడు పోసే తల్లులు ఉన్నారు. అది 500 మిల్లీగ్రాములవుతుంది. ఇంటికి పంపేటప్పుడు సీసాను చూపి, కొలతపాత్రపై గీతను వేలితో చూపి చెప్పడం నర్సు పనిలో భాగమే.

సెలైను లెక్క తేలిక. 20 చుక్కలు ఒక మిల్లీలీటరుగా పడే గొట్టంలో 500 మిల్లీలీటర్లను 4 గంటలలో ఎక్కించాలంటే మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి సుమారు 42. ఆ సెలైనులో పొటాషియం క్లోరైడు కలిపి ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క ప్రాణావసరమైనది. గాఢమైన పొటాషియం ద్రావణాన్ని కలపకుండ సిరలోకి నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. పరిశుద్ధ జలం గల చిన్న గాజుబుడ్డీని, పొటాషియం బుడ్డీని ఒకే అరలో ఉంచరాదని పెద్ద ఆస్పత్రులు నియమం పెట్టుకొన్నది అందుకే.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

తెలుగువారు సగర్వంగా స్మరించే శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించి, 1923లో అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే పదార్థాలను కూడ ఆ ప్రయోగశాలయే రూపొందించింది. వాటిలో ఒకదానితో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకేన్సరును తాత్కాలికంగా నిలువరించగలిగినట్లు 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడే కన్నుమూశారు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేడు కేన్సరుకే గాక కీళ్ళవాతానికి కూడ విరివిగా వాడబడుతున్నది.

కీళ్ళవాతానికి ఈ మందును వారానికి ఒక్కసారి మాత్రమే, తక్కువ మోతాదులో ఇస్తారు. మాత్రలంటే రోజూ వేసుకొనేవి అనే అలవాటు మనకు ఎంతగా పాతుకొనిపోయినదంటే, వారానికి ఒకటి అని వ్రాసినా రోజుకు ఒకటిగా మ్రింగినవారు అనేక దేశాలలో ఉన్నారు. మొదట నోరు పూస్తుంది, తరువాత జ్వరం వస్తుంది, ఎముకల మూలుగలో రక్తకణాల ఉత్పత్తి పడిపోతుంది. మరణాలు కూడ సంభవించినవి. విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఉన్నది. అయితే ఆలస్యం కాకూడదు. కనుక వారంలో ఏ రోజున వేసుకోవాలో ఆ రోజు పేరును చీటీ మీద వ్రాసి, చదివి వినిపించాలి.

ఇక్కడ భాష అడ్డు వస్తుంది. ‘సోమవారం’ హిందీవారికీ, మనకూ ఒకటే. గురువారాన్ని మాత్రం ఢిల్లీ, పంజాబు, హర్యానా ప్రాంతాలలో చాలామంది ‘వీర్‌వార్’ అంటారు. ఉర్దూ మాట్లాడేవారు ‘జుమేరాత్’ అంటారు. వారికి సోమవారం ‘పీర్’. తెలుగు నర్సు వీటిని వినకపోవడం వింత కాదు. మనలోనే కోస్తావారు లక్ష్మీవారమన్నదానిని తెలంగాణవారు బేస్తవారమంటారు గదా. గుంటూరు అమ్మాయి మాట పాలమూరు రోగికి తెలియకపోతే ఆశ్చర్యపడం. హిందీ అంతటా ఒకటే అనుకొంటే మాత్రం పొరపడినట్లే.

హిందీ నుండి తెలుగుకు అనువాదం చేసేవారికి నిత్యం ఎదురయ్యే కొన్ని మాటలు వార్డులో మరింత బరువైనవి. హిందీలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడ. ‘పర్సోం’ అంటే మొన్న, ఎల్లుండి కూడ. క్రియను బట్టి అర్థం తెలుస్తుంది. నొప్పితో మూలుగుతున్న రోగి క్రియ చెప్పకుండ ‘కల్’ అని ఊరుకొంటే? “ఆఖరి మాత్ర ఏ రోజు వేసుకొన్నావు? సోమవారమా, ఆదివారమా?” అని రోజు పేరుతో అడగాలి. సంఖ్యలలో ‘డేఢ్’ అంటే ఒకటిన్నర, ‘ఢాయీ’ అంటే రెండున్నర. దక్షిణాదివారి చెవికి ఇవి రెండూ దగ్గరగా వినిపిస్తాయి. డేఢ్ మాత్ర వేసుకొనే రోగికి ఢాయీ మాత్రలని వ్రాసుకొంటే మోతాదులో ఒక పూర్తి మాత్ర తేడా. ‘పౌనే దో’ అంటే ఒకటీ ముప్పాతిక. చివర విన్న ‘దో’ను పట్టుకొని రెండు అని వ్రాయరాదు. అన్నిటికంటె మోసకరమైనవి తొమ్మిదితో ముగిసే అంకెలు. ‘ఉన్‌సఠ్’ అంటే అరవైకి ఒకటి తక్కువ, 59. అందులో ‘సఠ్’ అరవైని తలపించడంవలన దానిని 69గా భావించేవారున్నారు. 69 అంటే ‘ఉన్‌హత్తర్’. డిజాక్సిన్ ఇచ్చేముందు నాడి లెక్కను ప్రక్క మనిషి నోటితో చెప్పినప్పుడు 59కి మందు ఆపాలి, 69కి ఇవ్వవచ్చు. అంకెను వ్రాసి చూపించుకోవడం ఒక్కటే నిశ్చయమైన పద్ధతి. ఆంగ్లంలో ఫోనుమీద ఫిఫ్టీన్ అన్నదీ, ఫిఫ్టీ అన్నదీ ఇంతే. ‘ఒకటి, అయిదు’ అని విడివిడిగా తిరిగి చెప్పి వైద్యుని చేత అవుననిపించుకోవాలి.

తెలుగులో కూడ ఇటువంటి చిక్కు లేకపోలేదు. మనకు ‘మందు’ ఔషధం, మద్యం, పురుగులమందు కూడ. పల్లె నుండి వచ్చిన బంధువు అత్యవసర విభాగంలో ‘మందు తాగాడు’ అన్నప్పుడు అది ఆత్మహత్యా ప్రయత్నమా, సారాయా, సిరపా అన్నది ఆ క్షణమే తేల్చుకోవాలి. ప్రక్కన నిలబడిన తెలుగు వ్యక్తి దానిని ‘దవా పీ హై’ అని అక్షరాలా హిందీలోకి మార్చి చెప్పితే అక్కడి వైద్యునికి దగ్గు మందు స్ఫురించవచ్చు. పురుగులమందు అయితే కంటిపాపలు సూదిమొనలవలె కుంచించుకొనిపోయి, నోటినుండి లాలాజలం కారుతుంది. ఎంత త్వరగా ఎట్రోపిన్ పడితే అంత ఆశ. ఇటువంటి చోట మాటను గాక విషయాన్ని అనువదించాలి.

గుర్‌గావ్, 1998

నర్సు అడిగే ప్రశ్నకు ఎంత విలువ ఉన్నదో చెప్పడానికి రాజధాని పొలిమేరలోనే ఒక విషాద ఘటన ఉన్నది. 1998 ఏప్రిల్, జూన్ నెలల మధ్య 36 మంది పసిపిల్లలు మూత్రపిండాలు హఠాత్తుగా పనిచేయక ఢిల్లీ ఆస్పత్రులలో చేరారు. వారిలో ఎక్కువమంది నేడు గురుగ్రామ్ అని పిలువబడే గుర్‌గావ్ ప్రాంతపు పిల్లలు. చికిత్స చేసినప్పటికీ 33 మంది మరణించారు. జ్వరం, దగ్గు వంటి సామాన్యమైన బాధలకు స్థానికంగా వాడిన ఒక దగ్గు మందులో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవం ఉన్నట్లు విచారణలో బయటపడినది. ఈ ద్రవం తియ్యగా, రంగు లేకుండ గ్లిసరిన్‌ను పోలి ఉంటుంది, చవక. 1937లో అమెరికాలో నూరుమందికి పైగా ప్రాణాలు తీసినదీ, 1986లో బొంబాయిలోని ఒక ఆస్పత్రిలో 14 మంది రోగులను బలిగొన్నదీ ఇదే. 2022లో గాంబియాలోను, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతంలోను పసిపిల్లల మరణాలకు మళ్ళీ ఈ విషమే కారణమైనది.

విషం సీసాలోనే ఉన్నప్పుడు నర్సు ఏం చేయగలదు? అయిదు నియమాలూ పాటించి ఇచ్చినా అది విషమే. కాని బిడ్డ ఎప్పటినుండి మూత్రం పోయలేదని అడిగేది నర్సు. అంతకుముందు ఇంట్లో ఏ మందు పోశారని అడిగి, సీసాను తెప్పించి, దాని మీది బ్యాచి సంఖ్యను వ్రాసుకోగలిగేది కూడ ఆమెయే. ఒకే తరహా బిడ్డలు ఇద్దరు ముగ్గురు వచ్చినప్పుడు వారి తల్లుల సంచులలో ఒకే సీసా ఉన్నదని కనిపెట్టడానికి అనువైన స్థానంలో ఉన్నది వార్డు నర్సే. సీసాను పారవేయకుండ భద్రపరచాలి.

ఇటువంటి సమాచారం చేరవలసిన చోటు కూడ రాజధాని చెంతనే ఉన్నది. మందుల దుష్ఫలితాలను సేకరించే జాతీయ కార్యక్రమం 2010లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కేంద్రంగా ఆరంభమై, 2011 ఏప్రిల్‌లో గాజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషన్‌కు తరలింది. మందుల ప్రమాణాలను నిర్ణయించే ఫార్మకోపియా గ్రంథాన్ని ప్రచురించేది ఈ కమిషనే. స్వాతంత్ర్యానంతరం ఆ గ్రంథపు మొదటి ముద్రణ 1955లో వెలువడినది. అనుమానాస్పదమైన దుష్ఫలితాన్ని తెలియజేయడానికి వైద్యుడే కానక్కరలేదు. నర్సు కూడ నివేదిక పంపవచ్చు. మందే కారణమని నిరూపించవలసిన భారం కూడ ఆమెపై లేదు, అనుమానం చాలు. రోగి పేరులోని మొదటి అక్షరాలు, వయస్సు, కలిగిన బాధ, అది మొదలైన తేదీ, అనుమానించిన మందు, నివేదించినవారి వివరాలు ఉంటే సరిపోతుంది. ఉచితంగా ఫోను చేయడానికి 1800-180-3024 అనే సంఖ్యను ఏర్పాటు చేశారు.

ఇక తన చేతిలోనే పొరపాటు జరిగినట్లు తెలిసినప్పుడు చేయవలసిన పనుల వరుస స్పష్టమైనది. మొదట రోగి దగ్గరకు పోయి నాడి, శ్వాస, రక్తపోటు చూడాలి. వెంటనే వైద్యునికి చెప్పాలి. జరిగినదానిని జరిగినట్లు కేసుషీటులో వ్రాయాలి. మార్ఫిన్ ఎక్కువైతే నాలొక్సోన్, ఇన్సులిన్ ఎక్కువైతే గ్లూకోజు సకాలంలో పడితే రోగి తేరుకొంటాడు. దాచిపెట్టిన గంటలోనే ఆ సకాలం గడచిపోతుంది. శిక్షకు భయపడి దాచే వాతావరణాన్ని తొలగించడం మాత్రం విద్యార్థిని చేతిలోని పని కాదు, వార్డు పెద్దల చేతిలోనిది. మందు ఇచ్చినట్లు వ్రాయడం ఇచ్చిన తరువాతనే చేయాలి, ముందు కాదు. రోగి వద్దన్నా, వాంతి చేసుకొన్నా ఆ మాట కూడ వ్రాయాలి. లేకుంటే రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుకు ఆ మాత్ర కడుపులో ఉన్నదో లేదో తెలియదు.

గాజియాబాదు కమిషన్‌వారు రోగులూ, వారి బంధువులూ స్వయంగా నింపి పంపడానికి ప్రత్యేకమైన ఫారమును హిందీతోపాటు పలు భారతీయ భాషలలో తెచ్చారు. తెలుగు ప్రతి కూడ ఉన్నది. ఢిల్లీ వార్డులో పనిచేసే తెలుగు నర్సు తన వద్ద హిందీ, తెలుగు ప్రతులు రెండూ ఉంచుకోవచ్చు.